ఊడ్చినకొద్దీ తుమ్ములు

ఆవిడను నిన్నమొన్నటిదాకా వడ్రంగి గారి భార్య అనేవారు. ఇప్పుడు బస్సు డ్రైవరు గారి అక్క అంటున్నారు. మధ్యలో జరిగింది ఒక్కటే, వడ్రంగి పోయాడు. ముందు కొట్టూ వెనక ఇల్లూ ఉన్న అద్దె చోటది. మనిషి పోయాక కొట్టెందుకు, కొట్టు లేనప్పుడు ఆ ఇల్లెందుకు? తమ్ముడు వచ్చి, "మా ఇంటికి వచ్చెయ్ అక్కా" అని ఒక్క మాట అని, పెట్టె తనే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు.

ఆవిడ చేతులకు ఊరికే కూర్చోవడం తెలియదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ రంపపు పొట్టు ఊడ్చిన చేతులవి. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ కాళ్ళకు అడ్డం పడేది. తమ్ముడింట్లో పొట్టు లేదు, ఊడ్చే చేతులు మాత్రం ఉన్నాయి. చీపురు పట్టుకున్నంతసేపూ ఏడుపు రాదు. కింద పెడితే వస్తుంది. అందుకని కింద పెట్టేది కాదు. మరదలు బట్టల కొట్లో పని చూసుకుని వచ్చేసరికి గచ్చు అద్దంలా మెరుస్తూ ఉండేది.

"వదినా, ఇంకొంచెం ఊడిస్తే కింద వాటా వాళ్ళు కనపడతారు" అని మరదలు నవ్వేది. ఆవిడా నవ్వేది, పెదవులతో.

ఇంతలో చెట్లు పూశాయి.

బస్సురోడ్డు పొడవునా నీడ కోసం నాటిన చెట్లవి. పూతంటే చూడముచ్చటైనదేం కాదు. ఆకుల సందున కుచ్చుల్లా వేలాడుతుంది, వాసనైనా ఉండదు. గాలి విసిరితే మాత్రం అందులోంచి పసుప్పచ్చటి పుప్పొడి లేచి ఊరంతా తిరుగుతుంది. ఊళ్ళో ఇంతమంది ఉండగా అది తమ్ముడి ముక్కునే వెతుక్కుంటూ వచ్చేది. ఏటా ఉండే బాధే. ఈ ఏడు మాత్రం పగబట్టినట్టు వచ్చింది.

అతని తుమ్ము ఒక్కదానితో పోయేది కాదు. ఒకదాని తోక పట్టుకుని మరొకటి, ఊపిరి తిప్పుకోనిచ్చేది కాదు. తుమ్మినప్పుడల్లా కళ్ళు మూసుకుపోతాయి. ఇంట్లో కూర్చున్నవాడికైతే కళ్ళు మూసుకున్నా తెరుచుకున్నా ఒకటే. అతను తోలేది నిండు బస్సు.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"బడి ముందు మలుపులో తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు తెరిచేసరికి బస్సు కాలిబాట ఎక్కి ఉంది. చెత్తడబ్బా చితికిపోయింది" అన్నాడు.

"మనుషులకో?" అంది మరదలు.

"చెత్తడబ్బా కాబట్టే ఇంటికి రాగలిగాను."

డిపో అధికారి ఊరుకోలేదు. "సోమవారం నీ బండిలో నేనే ఎక్కుతాను. నా కళ్ళముందు స్టీరింగు వణికిందా, ఆ రోజుతో సరి. షెడ్డులో బస్సులు కడుగుదువుగాని" అన్నాడట. చెప్పి, తమ్ముడే మళ్ళీ, "ఆయన్ని అనడానికేం లేదు. ఆయన పిల్లలూ ఆ బడిలోనే చదువుతారు" అన్నాడు.

తుమ్ములకు వేసుకునే మాత్ర అతనికి నిద్ర తెప్పిస్తుంది. అది వేసుకుని బండెక్కితే తుమ్మక్కర్లేదు, కునుకు చాలు. డాక్టరు ఆ మాత్ర మానిపించి ముక్కులోకి కొట్టుకునే మందు రాసిచ్చాడు. అది ఇవాళ కొడితే రేపటికి పట్టేది కాదు, మెల్లగా పనిచేస్తుందట. "ఈలోగా ఇంట్లో దుమ్మూధూళీ లేకుండా చూసుకోండి. పడుకున్నప్పుడైనా ముక్కుకు కాస్త విశ్రాంతి దొరికితే, పగలు తట్టుకుంటుంది" అన్నాడు.

ఆ మాట అక్క చెవిన పడింది. దుమ్మూధూళీ! ఈ లోకంలో తనకు చేతనైన పని ఏదైనా ఉందంటే అదే కదా. కొంగు నడుముకు దోపింది.

తెల్లారుతూనే కిటికీలన్నీ బార్లా తీసి గాలి ఆడనిచ్చేది. పరుపును కిటికీ దగ్గరికి ఈడ్చి కర్ర పెట్టి బాదేది. అటక మీదివి దించి దులిపేది, దులిపినవి ఎక్కించేది, మధ్యలో నేల ఊడ్చేది, తుడిచేది, మళ్ళీ ఊడ్చేది. దుప్పట్లు, దిండు గలీబులు ఏరోజువి ఆరోజు ఉతికి డాబా మీద ఎర్రటి ఎండలో ఆరేసేది. సాయంత్రం తెచ్చి పరిచాక వాటికి ముక్కు ఆనించి ఎండ వాసన చూసుకునేది. తమ్ముడు మధ్యాహ్నం వచ్చి పడుకునే వేళకు గది చల్లగా ఉండాలని, కిటికీకి బిగించిన కూలరును ముందే తిప్పి ఉంచేది.

అతను వచ్చి పడుకునేవాడు. ఆవిడ వంటగదిలో ఏదో పని పెట్టుకుని చెవులు అటే పారేసేది. కాసేపు నిశ్శబ్దం. అమ్మయ్య అనుకునేలోపే మొదలయ్యేవి. ఒక్కో తుమ్ముకూ ఆవిడ కళ్ళముందు ఒక్కో మలుపు తిరిగేది. బడిగంట, పిల్లలు, బస్సు. చీపురు అందుకుని ముందుగది మళ్ళీ ఊడ్చేది.

రోజులు గడిచినకొద్దీ తగ్గాల్సింది పెరిగింది. తమ్ముడి కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. నిద్ర లేక తల దిమ్మెక్కి, ఎదుటి మనిషి చెప్పింది రెండోసారి చెబితేగాని ఎక్కడం లేదు. ఇక సోమవారానికి మధ్యలో ఆదివారమే మిగిలింది.

ఆ శనివారం మరదలు సగం పూట సెలవు పెట్టి ముందే వచ్చింది. ఆవిడ పడకగది ఊడుస్తుంటే గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"వదినా, ఆ చీపురిలా ఇవ్వండి."

"అయిపోయిందమ్మాయ్, ఈ మూలొక్కటే."

"ఇవ్వమంటున్నానా!"

ఆ గొంతు ఈ ఇంట్లో ఎప్పుడూ విన్నది కాదు. ఆవిడ నడుం ఎత్తి నిలబడింది. చీపురు మాత్రం వదల్లేదు.

"చెబుదామని నోటిదాకా వచ్చి మింగుతున్నాను. ఆయన బండి దిగి వచ్చేటప్పటికి కాస్త నయంగానే ఉంటున్నారు. ఈ గదిలో నడుం వాల్చాకే విజృంభిస్తోంది. మీరెంత ఊడిస్తే అంత. నేను చూస్తూనే ఉన్నాను" అంది మరదలు.

"అంటే నావల్లంటావా?"

"మీవల్లని ఎక్కడన్నాను? చీపురువల్ల అంటున్నాను."

"చీపురు దానంతటదే ఊడుస్తోందా?"

మరదలి చూపు చీపురు మీంచి ఆవిడ చేతుల మీదికి వెళ్ళింది. ఆవిడకు ముఖం మీద చరిచినట్టయింది. "నేను బరువనిపిస్తే ఆ మాటే చెప్పు. పెట్టె ఎలాగూ విప్పి సర్దుకోలేదు."

"ఇదిగో, ఇందుకే మింగాను!" మరదలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎల్లుండి ఆయన్ని బండి దింపేస్తారేమోనని నా ప్రాణం పోతోంది. దింపకపోతే, ఏ పిల్లాడి మీదికి ఎక్కిస్తారోనని ఇంకా పోతోంది. మీరేమో పెట్టె గురించి మాట్లాడతారు."

ఆవిడ చీపురు గోడకు చేరేసి, దుప్పట్లు తెస్తానని డాబా మెట్లెక్కేసింది. తీగ మీది దుప్పటి ఒక్క విసురున లాగింది. దాని పక్కనే మరదలి నల్ల లంగా ఆరేసి ఉంది. అదీ లాగబోయి ఆగిపోయింది.

నల్ల లంగా నల్లగా లేదు. పిండి జల్లెడ కింద పెట్టినట్టు, మడతల నిండా పసుప్పచ్చటి పొడి. పొద్దున తన చేత్తో ఉతికి ఆరేసిందే. వేలితో రాసి చూసింది. మెత్తగా అంటుకుంది. చేతిలోని తెల్ల దుప్పటి వైపు చూసింది. దాని మీద ఏమీ కనపడలేదు. ఆ దుప్పటిని లంగా మీద దులిపింది. పసుపు ఇంకో పొర పడింది.

డాబా అంచున, రోడ్డు వెంట చెట్లన్నీ తలలూపుతున్నాయి.

ఇన్నాళ్ళూ ఎండ వాసన అనుకుంటూ తమ్ముడి ముక్కు కింద పరిచింది దీన్ని. కిటికీలు బార్లా తీసి పిలిచింది దీన్ని. నేల మీద పడి పోనీలే అని ఊరుకున్నదాన్ని చీపురుతో లేపి మంచం మీదికి ఎక్కించింది తనే. నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది.

మరదలు పైకి వచ్చేసరికి ఆవిడ లంగాను ఒళ్ళో పెట్టుకుని ఉంది. మాట్లాడకుండా చూపించింది. మరదలు వేలితో రాసి, చెట్లకేసి చూసి, పక్కనే కూర్చుంది.

"అమ్మాయ్, మీ అన్నయ్య చివర్లో ఎలా దగ్గేవారో చూశావుగా. నేను పొట్టు ఊడుస్తుంటే ఆ పక్కనే పీట మీద కూర్చునేవారు. కాస్త బయటికి వెళ్ళమని ఒక్కనాడూ అనలేదు" అంది ఆవిడ. లంగా మడతల్లోని పొడిని వేలితో ఒక పక్కకు తోసింది. "ఆయన మీదికి కూడా నేనే లేపానా?"

మరదలు వెంటనే కాదనలేదు. అబద్ధంతో ఊరడించడం ఆ పిల్లకు చేతకాదు.

"నాకు తెలియదు వదినా. రోజంతా రంపం ముందు నిలబడ్డ మనిషి. మీరు ఊడ్చేది అందులో ఎంతసేపు? అయినా నాకు తెలియదు. ఇది మాత్రం తెలుసు, ఇదిగో, కంటికి కనిపిస్తోంది. ఇది మన చేతిలో ఉంది." ఆగి, మెల్లగా అంది. "ఏడవాలంటే ఏడవండి. ఇవాళ ఆయనది సాయంత్రం దాకా డ్యూటీ, రావడానికి ఇంకా వేళుంది."

ఈ ఇంటికి వచ్చాక ఆవిడ మొదటిసారి ఏడ్చింది. చేతిలో చీపురు లేదు, కన్నీళ్ళు ఆపేదేమీ లేదు. మరదలు తీగ మీదివి ఒక్కొక్కటీ తీసి, దులపకుండా చుట్టలు చుట్టింది.

తరువాత ఇద్దరూ కిందికి దిగి పనిలో పడ్డారు. కిటికీలు మూశారు. పరుపు బాదే కర్ర మూలకు పోయింది. పాత దిండు గలీబును తడిపి ఫ్యాను రెక్కకు తొడిగి లాగితే, బూజూ దుమ్మూ అందులోనే వచ్చేశాయి, ఒక్క పిసరు కింద రాలలేదు. అలమార పైనా, కిటికీ ఊచలూ, మంచం కోళ్ళూ అన్నీ తడిగుడ్డతోనే తుడిచారు. దుప్పట్లు వేడినీళ్ళలో మళ్ళీ ఉతికి ముందుగదిలో తాడు కట్టి ఆరేశారు. చివరికి మరదలు కూలరు ముందు నిలబడి, "ఇది గాలి ఎక్కణ్ణుంచి లాగుతుంది వదినా?" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దాని వీపంతా రోడ్డు వైపే ఉంది. తీగ పీకేసి, దాన్ని లోపలికి లాగి, కిటికీ మూసేశారు.

తమ్ముడు గుమ్మంలో కాలు పెట్టబోయాడు.

"ఆగక్కడ! చొక్కా గుమ్మం బయటే విప్పెయ్. తలస్నానం చేసిగాని మంచం ఎక్కొద్దు" అంది అక్క.

"నేను డ్రైవర్నా, చంటిపిల్లాణ్ణా అక్కా?"

"చంటిపిల్లలకు ఇంత ముక్కుండదు, నడువ్."

అతని తల మీంచి జారిన నీళ్ళు బకెట్లో పసుప్పచ్చగా తేలాయి. గది మాత్రం కుంపటిలా ఉంది. ఫ్యాను గాలికి చెమటలు కక్కుతూ పడుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ తలుపు బయట గచ్చు మీద కూర్చున్నారు. ఒక తుమ్ము వినపడింది. మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇంకొకటి. ఆ తరువాత రావాల్సింది రాలేదు. కాసేపటికి గురక వినపడింది. మరదలు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

ఆదివారం ముక్కు కారుతూనే ఉంది, కళ్ళ ఎరుపు పూర్తిగా దిగలేదు. పొద్దుగూకి గాలి పడిపోయాక కాసేపు కిటికీలు తీశారు, మళ్ళీ మూశారు. ఇది చాలో చాలదో చెప్పేవాళ్ళు లేరు.

సోమవారం ఇంట్లో ఉండటం ఆవిడ వల్ల కాలేదు. తమ్ముడికి తెలియకుండా, డిపో అవతలి స్టాపులో వెనక తలుపు నుంచి బస్సెక్కింది. డిపో అధికారి డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి పెద్దమ్మా?" అన్నాడు కండక్టరు.

"చివరిదాకా."

"చివర ఏముందని? బస్సు తిప్పుకునే చోటు తప్ప."

"అయితే తిప్పుకునేదాకా ఇవ్వు."

చెట్ల రోడ్డు వచ్చింది. తమ్ముడు తన పక్క అద్దం ఎత్తి మూసుకున్నాడు. తెరిచి ఉన్న మిగతా కిటికీల్లోంచి గాలి దూసుకొస్తోంది. ఆవిడ అతని మెడ వెనక భాగం మీంచి చూపు తిప్పలేదు. బడి కనపడింది. గేటు ముందు సంచులతో పిల్లలు. మలుపు ఇంకా రాలేదు. అప్పుడు అతని భుజాలు బిగుసుకోవడం ఆవిడకు కనపడింది. చిన్నప్పుడు తను ఎత్తుకుని తిరిగినవాడి భుజాలవి, తుమ్ము వస్తోందని ఆవిడకు తెలిసిపోయింది. ముందు సీటు కమ్మీని పిడికిళ్ళతో పట్టుకుంది. అధికారి ముందుకు వంగాడు.

బస్సు వేగం తగ్గింది. పక్క లైటు వెలిగింది. మలుపుకు ఇవతలే, రోడ్డు పక్కకు జరిగి ఆగింది. చేతిబ్రేకు కిర్రుమంది. ఆ తరువాత తుమ్మాడు. ఒకటి, వెంటనే ఇంకొకటి. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఏమైందయ్యా, చెడిపోయిందా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"బండి బాగానే ఉంది. ముక్కు మరమ్మతు" అన్నాడు కండక్టరు.

"వచ్చేది ముందే తెలిసిందా?" అన్నాడు అధికారి.

"తెలిసింది సార్. మొన్నటిదాకా తల దిమ్ముగా ఉండి, మీదపడేదాకా తెలిసేది కాదు. రెండు రోజులుగా కాస్త నిద్రపట్టింది."

అధికారి పిల్లల వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు. "రేపటి నుంచి స్టేషను వైపు బండి తీసుకో. అటు చెట్లు లేవు. ఈ పూత రాలిపోయాక చూద్దాం."

"మరి షెడ్డు సార్?"

"షెడ్డులో కడిగేవాళ్ళు ఉన్నారులే. పోనీ బండి."

తమ్ముడు బయల్దేరే ముందు పైనున్న అద్దంలోకి చూశాడు. చూసి, మళ్ళీ చూశాడు.

"అక్కా! నువ్వెప్పుడెక్కావు?"

"ముందు రోడ్డు చూడు నాయనా" అంది ఆవిడ.