పత్తి కుక్కని డబ్బా

మా పెద్దమ్మ గత మంగళవారం ఎమ్మిగనూరులో కన్నుమూసింది. గుండెపోటు. ఆమెకు హెచ్‌ఐవీ ఉందని తెలిసినవారు కారణం అదేనని అప్పుడే తేల్చేశారు. కాదు. ఏళ్ల తరబడి ఒక్కపూటా తప్పకుండా మందులు వాడిన మనిషి ఆమె. అరవై దాటినా మొన్నటి వరకు కూలికి పోయి పత్తి తీసింది.

నేను వాదనలో ఓడింది ఒక్కసారే, అది ఆమె చేతిలో. మూడేళ్ల క్రితం ఆదోనిలో వక్తృత్వ పోటీ. "ఈ జబ్బును దాచేవారు పిరికివారు, వివక్షను పోషించేది వారి మౌనమే" అని గర్జించాను. బహుమతి వచ్చింది. ఆ రోజు ఆదోని వచ్చిన పెద్దమ్మ కూడా చప్పట్లు కొట్టింది. తరువాత బస్టాండులో టీ తాగుతూ అడిగింది.

"అయితే నేనూ పిరికిదాన్నేనా, పాపా?"

చేసంచిలోంచి మందుల డబ్బా తీసి చూపింది. బస్సులో గలగలమంటే ఎవరైనా ఏమిటని అడుగుతారని దానినిండా పత్తి కుక్కింది. సొంత ఊళ్లో ఎవరి కంటనైనా పడతానని మందులకు ఆదోని దాకా వచ్చేదట.

"నువ్వు మాట్లాడేది ఐదు నిమిషాలు. నేను ఆ వీధిలో బతకాల. సచ్చినాక నాకు నీళ్లు పోసేకి ఎవురన్నా రావాల గదా?"

మా వీధిలో పోయిన ఆడమనిషికి కడపటి స్నానం చేయించేది ఇరుగుపొరుగు ఆడవాళ్లే. ఆమెకు చావంటే భయం లేదు, భయమంతా ఆ నీళ్ల గురించే.

"నేను పోస్తా" అన్నాను.

"పుల్ల మాదిరి ఉండావు, నన్ను ఎత్తగలవా? నేనేమన్నా నువ్వు పట్టుకునే మైకా!"

ఆనాటి నుంచి జబ్బు సంగతి బయటపెట్టమని నేనెవరినీ శాసించలేదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది వారి హక్కు. చెప్పినవారి పక్కన నిలబడటం మన పని. ఈ మాట మీద వాదానికి ఎవరు వచ్చినా నేను సిద్ధమే.

పోయిన ఏడాది ఆమే నిర్ణయించుకుని, తనతో పత్తికి వచ్చే ఎదురింటామెకు చెప్పింది. ఆమె రెండు రోజులు పలకలేదు. మూడోనాడు పొలం గట్టున తన జొన్నరొట్టె తుంచి పెద్దమ్మ చేతిలో పెట్టింది. "నాకు సెప్పేకి ఇన్నేండ్లు పట్టిందా నీకి? నా కోపం దానికే" అంది. మెల్లగా వీధికంతా తెలిసింది. కొందరు మొహం తిప్పుకున్నారు. అయినా పెద్దమ్మ మళ్లీ డబ్బాలో పత్తి పెట్టలేదు. "నేను పోయినాక నా కత సెప్పుకో. ఈసారన్నా తెలిసి మాట్లాడినట్లుంటాది" అని నన్ను దెప్పింది.

మంగళవారం నేను చేరేసరికి ఎదురింటామె నీళ్లు కాచి, కొంగు బిగించి, గడపల్లో నిలబడ్డవారిని కేకేస్తోంది.

"సూసేకి ఇదేమన్నా సినిమానా? ఒక్కదాన్నే ఎత్తల్లంటే అయితాదా? రాండి!"

నలుగురు వచ్చారు. పెద్దమ్మ నిజంగానే బరువు. ఆరుగురం కలిసి ఎత్తాం.

మిగిలిన మందులు ఆసుపత్రిలో తిరిగి ఇవ్వడానికి నిన్న ఆదోని బస్సెక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా ఒళ్లోని డబ్బా గలగలమంది. పక్క సీటామె డబ్బా వంక చూసి, నా వంక చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.