అక్క ఉంచిన గది

ఫుమియే ముప్ఫయ్యొక్కేళ్ళుగా జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో జపాను వాళ్ళకు జుట్టు కత్తిరిస్తోంది. చల్లటి చేయి తగలకూడదని ముందు వేళ్ళను వేడినీళ్ళలో ముంచుకుంటుంది. బదిలీ మీద వచ్చినవాళ్ళు నాలుగేళ్ళకు స్వదేశం వెళ్ళిపోతూ "మరి మీరెప్పుడండీ?" అంటే, "వచ్చే వసంతానికి" అంటుంది. ఒక ఉదయం జపానులోని కగోషిమా నుంచి అక్క చిజురు ఫోన్ చేసింది.

"పన్నెండేళ్ళు నీ గది ఖాళీగా ఉంచానే. నిన్న ధాన్యం బస్తాలు వేయించా. వస్తానని చెప్పు, ఈ పూటే తీయించేస్తా."

ఫుమియే చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది.

"వద్దులే అక్కా. అక్కడ వానలు కదా, బయటపెడితే తడుస్తాయి."

ఫుమియే ఫోను పెట్టేసి, కుర్చీలో కూర్చున్నాయనతో, "కాస్త ఆగండి, కంట్లో వెంట్రుక పడింది" అంది.