పాలకూర బలమా, తోటకూర బలమా?

మా చిన్నప్పుడు... పటాన్‌చెరు దగ్గర మా క్వార్టర్స్ గేటు ముందు పొద్దున్నే ఎల్లమ్మవ్వ గంప దిగేది. తడి గోనెపట్టా తీయగానే గుప్పున పచ్చి ఆకుల వాసన... "పాలకూరమ్మా... తోటకూరమ్మా..." అని ఒక్క కేక వేస్తే చాలు, ఎక్కడి గిన్నెలక్కడ వదిలేసి అమ్మలందరూ చుట్టూ మూగేవాళ్లు.

మేం కోస్తా నుంచి నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చినవాళ్లం. చుట్టుపక్కల బంధువులంటూ ఎవరూ లేరు. అవ్వే మాకు చుట్టం. నన్ను "బిడ్డా" అని పిలిచేది, కొసరుగా కొత్తిమీర పెట్టేది. చెల్లికి జ్వరమొస్తే లోపలికొచ్చి దిష్టి తీసి మరీ వెళ్లేది.

చెల్లికప్పుడు నాలుగేళ్లు. ఎప్పుడు చూసినా పాలిపోయి ఉండేది. రక్తం తక్కువగా ఉంది, మందుతో పాటు ఆకుకూరలు బాగా పెట్టండి అన్నాడు డాక్టరు. ఇక చూడండి... మా ఇంట్లో రోజూ పాలకూర పప్పే!

"పాలకూరంత బలం ఇంకే కూరలోనూ లేదు" అని అమ్మ. "మా అమ్మ తోటకూర పులుసు పెట్టే మమ్మల్ని ఇంతవాళ్లను చేసింది" అని నాన్న. కంచాల ముందు ఇదే పంచాయితీ.

నేనప్పుడు ఏడో తరగతి. ఆగలేక మా సైన్సు టీచర్‌ను అడిగేశాను. "రెండూ మంచివేనమ్మా... కానీ ఇనుము, కాల్షియం తోటకూరలోనే ఎక్కువ" అన్నారావిడ. ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పాను. నాన్న గెలిచినట్టు మీసం దువ్వుకున్నారు. అమ్మ కాసేపు గొణిగి ఒప్పుకుంది.

మర్నాటి నుంచి అవ్వ మా కోసం లావుపాటి తోటకూర కట్టలు పక్కన పెట్టేది. చెల్లి మూతి తిప్పేసుకుంటే నేనే ముద్దలు కలిపి, "ఇందులో ఇనుముందే... తింటే బుగ్గలు ఎర్రగా అవుతాయే" అని బతిమాలి పెట్టేదాన్ని. పెద్ద డాక్టరునైపోయినంత గర్వం నాకు!

అవ్వ మనవరాలు మంజులది నా క్లాసే. ఒక ఆదివారం రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను. ఇంటి వెనక నుంచి వాగు దాకా ఒకటే పచ్చదనం... మోకాలెత్తు తోటకూర. నేలమీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, బీరకాయ కూర పెట్టారు.

"తోటకూర వండలేదా?" అన్నాను.

మంజుల నవ్వింది. "గది అమ్మనీకె. మేం తినం."

"ఎందుకు?"

"వాగు నీళ్లు పెడ్తం గద... వాసనొస్తది. గీ బీరకాయలు బాయి నీళ్లతోని కాసినయి."

రొట్టె వేస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. "నోరు మూసుకొని తిను" అంది మనవరాలిని. నా వైపు మాత్రం చూడలేదు.

తిన్నాక వాగు దగ్గరికి వెళ్లాను. నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. ఒడ్డున నురగ... ముక్కు మూసుకోకుండా నిలబడలేకపోయాను. ఆ తోటకూర వైపు చూస్తుంటే, నా చేత్తో చెల్లి నోట్లో పెట్టిన ముద్దలన్నీ కళ్లముందు తిరిగాయి. ఏడుస్తూ ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

మర్నాడు అమ్మ గేటు దగ్గరే కాచుకుని ఉంది.

"అవ్వా... మీ పిల్లలకు పెట్టుకోని కూర నా పిల్లకెలా ఇచ్చావు? దానికి ఒంట్లో బాగాలేదని నీకు తెలుసుగా!"

అవ్వ గంప దించలేదు.

"ఎర్కనే అమ్మా. చెప్పనీకె నోరు రాలే. నాకున్నది గా వాగొడ్డు మడి ఒక్కటే. బాయిల నీళ్లు నాలుగు బీరతీగలకే సాలవు. ఏం పెట్టి బతకాలె?" కొంగుతో కళ్లు తుడుచుకుని, "గా నీళ్లు యాడికెంచి వస్తున్నయో జెర మీ సారునడుగు" అంది.

నాన్న అప్పుడే నైట్ డ్యూటీ దిగి వచ్చారు. సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. అమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఏంటండీ ఆవిడ అంటోంది?"

"మాదీ... చుట్టుపక్కల ఫ్యాక్టరీలవీ... మురుగునీళ్లన్నీ ఆ వాగులోకే వదుల్తారు."

"మీకు తెలుసా?"

"తెలుసు. కానీ ఆ నీళ్లతో పండింది మన ఇంటికే వస్తుందనుకోలేదు."

"వేరేవాళ్లింటికైతే పర్లేదా?" అంది అమ్మ.

నాన్న సైకిల్ నడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. అవ్వ మీద నాకు కోపం వచ్చింది నిజమే... కానీ ఆ "తెలుసు" అన్న మాట విన్నాక ఇంకెవరి చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు.

అవ్వ మళ్లీ మా గేటు వైపు రాలేదు. బడిలో మంజుల బెంచీ మార్చుకుంది. చెల్లి మెల్లగా కోలుకుంది. మందుల వల్లో, మరి దేనివల్లో... ఆ కూర దానికి మేలు చేసిందో కీడు చేసిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నాన్న ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తోటకూర పులుసు చెయ్యమని అడగలేదు.

ఇప్పుడు నేను తెల్లాపూర్‌లో ఉంటున్నాను... పదిహేనో అంతస్తు. ఆకుకూర ప్లాస్టిక్ కవర్లో వస్తుంది. ఇనుమెంత, కాల్షియమెంత... అన్నీ దానిమీదే అచ్చేసి ఉంటాయి. ఏ నీళ్లతో పెరిగిందో మాత్రం ఉండదు. తెచ్చిచ్చే అబ్బాయిని అడిగితే వింతగా చూస్తాడు.

మీ ఇంటికి ఆకుకూరలు తెచ్చే అవ్వ ఎవరు? పేరు గుర్తుందా? గుర్తుంటే కింద రాయండి... మా అవ్వ మమ్మల్ని మోసం చేసింది, నిజమే. అయినా, గేటు దగ్గర నిలబెట్టి "ఎందుకిలా చేశావ్?" అని అడగడానికి అప్పుడు ఎదురుగా ఒక మనిషి ఉండేది...