గోరు దిగే సున్నం

పనిచోట ఆమెని అందరూ గోనెల పెద్దమ్మ అనేవాళ్ళు. కొత్తగా కట్టిన గోడ మీద గోనెపట్టలు కప్పడం, అవి ఆరిపోకుండా తడుపుతూ ఉండడం ఆమె పని. కూలీల్లో దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. ఇటుకలు మోసేవాళ్ళూ ఇసుక జల్లించేవాళ్ళూ చెమటలు కక్కుతుంటే, చెంబు పట్టుకుని గోడ వెంట నడిచే మనిషి వాళ్ళ కళ్ళకి సుఖపడుతున్నట్టే కనిపిస్తుంది మరి.

"నీదేం పెద్దమ్మా, మొక్కలకి నీళ్ళు పోసే ఉద్యోగం" అనేవాళ్ళు.

"కాయలు కాస్తే మీకూ పెడతాలే" అనేది. నవ్వేది కాదు. నవ్వకుండా మాట విసరడం ఆమెకి అలవాటు.

ఆమె మొగుడు తాపీమేస్త్రీ. బక్కపలచని మనిషి. నడుం వంగింది కానీ మాట వంగలేదు. కుర్రతనంలో తండ్రి దగ్గర సున్నంతో కట్టడం నేర్చుకున్నాడు. ఆ పని చేతికి వచ్చేసరికి ఎక్కడ చూసినా సిమెంటే అయిపోయింది. ఆయనా సిమెంటుతోనే కట్టాడు, ఇష్టం లేని చుట్టాల ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు, తలొంచుకుని. పిల్లలు కలగలేదు. మేస్త్రీ తమ్ముడు పాల పళ్ళు ఊడే వయసులో వాళ్ళ పంచన చేరాడు. వాడికి తల దువ్విందీ, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుందీ ఆమే. ఇప్పుడు వాడూ మేస్త్రీయే, అన్న పక్కనే తాపీ పడతాడు. అయినా ఇద్దరికీ వాడు చిన్నోడే.

వయసు మళ్ళాక, ఇక తన సున్నం విద్య తనతోనే పోతుందని మేస్త్రీ అనుకుంటున్న రోజుల్లో, ఓ పాత గోదాముని బాగుచేసే పని వచ్చింది. ఇటుక కమానుల బారు. కొన్ని కూలిపోయాయి, కొన్ని కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ పాత ఇటుకకి సిమెంటు పొసగదు, సున్నంతోనే కట్టాలన్నారు. కాంట్రాక్టరు వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, స్టూలు మీద కూర్చుని అడిగాడు.

"ముందు ఒక్క కమాను కట్టండి మేస్త్రీ గారూ. అది నిలబడితే మిగతావన్నీ మీవే."

"ఎందుకు నిలబడదు?" అన్నాడు మేస్త్రీ.

కాంట్రాక్టరు వెళ్ళాక ఆమె టీ పోసింది. చిన్నోడు గ్లాసు ఇలా పట్టుకుని అలా కింద పెట్టేశాడు, "బాబోయ్, వదిన మనల్ని కాల్చి చంపుతుంది" అంటూ. మేస్త్రీ మాత్రం పొగలు కక్కే గ్లాసుని గుప్పిట్లో బిగించి తీరిగ్గా తాగుతున్నాడు. ఆమె చూపు ఆ గుప్పిట మీద పడింది. ఆయన చూపు ఆమె మీద పడింది. గ్లాసు మెల్లిగా కింద పెట్టాడు.

ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఏళ్ళ తరబడి సున్నమూ సిమెంటూ ఆ వేళ్ళని తిన్నాయి. మొదట పగుళ్ళు. తర్వాత మంట, అన్నం ముద్ద కలిపితే కళ్ళ వెంట నీళ్ళు తిరిగేంత మంట. ఓ ఏడు మంట తగ్గింది, హమ్మయ్య అనుకున్నారు. తగ్గింది మంట ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ వేళ్ళకి వేడి తెలియదు, చలువ తెలియదు, మెత్తన తెలియదు, గట్టి తెలియదు. మణికట్టుతోనూ కంటితోనూ ఇటుక పేర్చేవాడు. చూసేవాళ్ళకి తేడా తెలిసేది కాదు.

కానీ సున్నం పనికి వేలు కావాలి. అతుకులో సున్నం గట్టిపడిందా లేదా అన్నది బొటనవేలి గోరుతో నొక్కి చూస్తారు. గీత చూస్తే సరిపోదు, గట్టి సున్నం మీదా గీత పడుతుంది. లోపలి పట్టు వేలికే తెలుస్తుంది. గోరు దిగనంత గట్టిపడ్డాకే కమాను కింద మోస్తున్న సెంటరింగు చెక్క తియ్యాలి. ముందే తీస్తే కమాను కిందున్నవాళ్ళ నెత్తిన పడుతుంది.

"వేళ్ళు చచ్చాయని తెలిస్తే నన్నెవడు పెట్టుకుంటాడే?" అన్నాడాయన. "గోరు నీది, మాట నాది. సరేనా?"

సరేనంది.

కమాను లేచింది. కడుతున్నన్ని రోజులూ ఆయన ఇంటికొచ్చి కూడా పాటలు పాడేవాడు, అపశ్రుతిలో. చివరి ఇటుక మధ్యలో దిగగొట్టిన రోజున ఆమెని పక్కకి పిలిచాడు.

"ఇదిగో, ఇది సిమెంటు కాదు. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడుతుంది. సున్నం గాలి పీల్చి గట్టిపడుతుంది. ఎండ తగిలి పెళుసెక్కకుండా గోనె కప్పు. గోనె చెమ్మగా ఉంటే చాలు. పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తడుపు, తలంటు పోసినట్టు కాదు. మధ్యమధ్య కాస్త ఆరనివ్వు."

"ఎన్నిసార్లు చెప్తావయ్యా, తెలిసింది" అంది.

తెలిసింది. తెలిసినా చెయ్యి ఊరుకోలేదు. వయసులో ఉండగా ఒకసారి, ఓ మేడ శ్లాబుకి నీళ్ళు పట్టే పనిలో, మిట్టమధ్యాహ్నం గోడ నీడన కూర్చుని కునుకు తీసింది. లేచేసరికి శ్లాబంతా సన్నటి పగుళ్ళు. సూపర్‌వైజరు కూలీలందరినీ పైకి పిలిచి, ఆ పగుళ్ళ మీద ఆమెని అటూ ఇటూ నడిపించాడు. "చూడండర్రా, మహారాణి గారు నిద్రపోతే ఇలాగుంటుంది" అని. ఆ రోజు నుంచీ తన గొంతు తడారినా ఓర్చుకునేది గానీ, గోనె తడారితే ఓర్చుకోలేకపోయేది.

ఆ వారం వడగాలి మొదలైంది. గోదాములోకి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వచ్చేది గాలి. చెమ్మ చేసిన గోనె చూస్తూండగానే అట్ట కట్టేది. మేస్త్రీ, చిన్నోడూ అవతలి చివర కూలిన ఇటుకలు ఏరుతుంటే, ఆమె చెంబుతో మొదలుపెట్టింది. చెంబు చాలక బకెట్టు ఎత్తింది. అదీ చాలదనిపించి, ఇసుక లారీ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా ఒకటి మూలన పడి ఉంటే తెచ్చి గోనెల మీంచి చుట్టబెట్టింది. ఇక ఆరదు. నిశ్చింతగా కూర్చుంది.

"మా వదిన తడిపిన గోడలో కప్పలు కాపురం పెడతాయి" అన్నాడు చిన్నోడు, అటుగా వెళ్తూ.

"నీ నోట్లో పెట్టకుండా ఉంటే అదే పదివేలు" అంది.

ప్రతి పొద్దుటా పరంజా ఎక్కి, పట్టా పక్కకి లాగి, గోరుతో నొక్కేది. మొదట్లో గోరు దిగింది. అది మామూలే. తర్వాత కూడా దిగింది. గట్టిపడే రోజులు వచ్చి దాటిపోతున్నా, పిండి ముద్దలోకి దిగినట్టు దిగుతూనే ఉంది. అప్పుడు కింద పెట్టిన బకెట్టు వైపు చూసింది. నీళ్ళు. తన నీళ్ళే.

ఆ సాయంత్రం మేస్త్రీ గొంతు తగ్గించి అడిగాడు. "ఏమే, దిగుతోందా?"

ఆయన మొహం చూసింది. పెళ్ళైన కొత్తలో కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు.

"దిగట్లేదు" అంది.

పట్టా తీసేస్తే రెండ్రోజుల్లో ఆరుతుందిలే, అప్పుడు అబద్ధం కాస్తా నిజమైపోతుందిలే అనుకుంది. తీసేసింది కూడా. మధ్యాహ్నం వడగాలికి మళ్ళీ కప్పింది. ఎండకి వదిలేస్తే పగుళ్ళు. కప్పితే బురద. ఎటూ పాలుపోక అలా తీస్తూ కప్పుతూ ఉండగానే కాంట్రాక్టరు వచ్చాడు.

"పక్క కమానుకి సెంటరింగు చెక్క కావాలి మేస్త్రీ గారూ. ఏమంటారు?"

"దించేద్దాం" అన్నాడు మేస్త్రీ. ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఆమె మాట మీద ఆయనకి అంత నమ్మకం.

చిన్నోడు సుత్తి తీసుకుని కమాను కిందికి దూరాడు. సెంటరింగు కాళ్ళ కింద బిగించిన చెక్క చీలలు ఒక్కొక్కటే కొట్టి వదులు చెయ్యాలి. మొదటి దెబ్బ పడింది. చీల కదిలింది. ఆమె తడిగోనెలు గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. రెండో దెబ్బ పడింది. చిన్నోడు మోకాళ్ళ మీద పాకుతూ మూడో చీల దగ్గరికి, సరిగ్గా కమాను నడిమధ్యకి చేరాడు.

"చిన్నోడా, బయటికి రా! గోరు దిగుతోంది! రారా బయటికి!"

గోనెలు ఎప్పుడు కిందపడ్డాయో ఆమెకి తెలియదు.

అంతా ఆగిపోయారు. చిన్నోడు సుత్తి వదిలేసి బయటికి వచ్చి, వదినకేసీ అన్నకేసీ చూశాడు. కాంట్రాక్టరు మొహం చిట్లించాడు. "ఏంటమ్మా? మేస్త్రీ గారు చూసుకున్నారుగా?"

"దానికేం తెలుసండీ" అన్నాడు మేస్త్రీ. మెడ నరాలు ఉబ్బాయి. "సిమెంటు దగ్గర బతికిన మనిషి. ఆడవాళ్ళ భయం. ఉండండి, మీ కళ్ళ ముందే చూపిస్తాను."

పరంజా ఎక్కాడు. చెయ్యి తలపైకి చాచి, కమాను అంచున అతుకు మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. పైకి చూడలేదు. చూడాల్సిన అవసరం ఏ మేస్త్రీకీ ఉండదు. కిందున్న కాంట్రాక్టరు కళ్ళలోకే చూస్తున్నాడు. బలం కొద్దీ నొక్కాడు.

బొటనవేలు కణుపు దాకా సున్నంలోకి దిగిపోయింది. తెల్లటి నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి.

"చూశారా?" అన్నాడు మేస్త్రీ, చిరునవ్వుతో. "రాయి."

ఇసుక జల్లించే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నోడు తల దించుకున్నాడు. మేస్త్రీ ఒక్కొక్క మొహమే చూశాడు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. వేలు అలాగే ఉంచి ఇంకా గట్టిగా నొక్కుతున్నాడు.

"మేస్త్రీ గారూ," అన్నాడు కాంట్రాక్టరు, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు, "చెయ్యి కిందికి తీసుకోండి."

అప్పుడు చూసుకున్నాడు.

కాంట్రాక్టరు కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. చిన్నోడి చేత చీలలు మళ్ళీ బిగింపించి, "మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. ఇక్కడ తమ్ముడు చూసుకుంటాడు" అన్నాడు, ముసలివాళ్ళతో మాట్లాడే మెత్తటి గొంతుతో. మేస్త్రీ తాపీ సంచీ సంగతే మర్చిపోయి నడిచి వెళ్ళిపోయాడు.

ఆమె సాయంత్రం దాకా పనిలోనే ఉంది. ఇల్లు చేరేసరికి ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతికి సున్నం అలాగే ఎండిపోయి ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"కట్టినప్పట్నుంచీ గట్టిపడలేదు."

"దిగట్లేదన్నావుగా?"

"అన్నాను."

"నీళ్ళా?"

"నీళ్ళే. పైన పట్టా కూడా చుట్టాను."

వీధిలో ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళారు.

"వాడు కింద ఉండగా కూలితే?"

"అందుకేగా అరిచాను."

"మూడో చీల దాకా ఆగావు."

ఆమె లోపలికెళ్ళి గిన్నెతో నీళ్ళూ పాత గుడ్డా తెచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, కాసేపటికి తనే చాపాడు. సున్నం నానబెట్టి, గోటి కిందిది చీపురుపుల్లతో మెల్లిగా తీసింది. లోపలి ఇటుక అంచు తగిలి గోరు సగం దాకా లేచిపోయి ఉంది, అడుగున ఎర్రటి కండ. నొప్పిగా ఉందా అని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

"పట్టా తీసేశారా?" అన్నాడు.

"తీసేశాం."

"గోనెలు పిండి కప్పు. పొద్దుటోసారి చెమ్మ చెయ్యి, తర్వాత వదిలెయ్. పైన తాటాకుల తడిక కడితే ఎండ తగలదు, గాలి ఆడుతుంది. చిన్నోడికి ఆత్రం, చీలల జోలికి పోనివ్వకు. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు పట్టనీ."

"నువ్వే వచ్చి చెప్పొచ్చుగా వాడికి?"

"ఏం చూసి చెప్పను?" అన్నాడు మేస్త్రీ.

ఆమె గుడ్డ పిండి, రెండో చెయ్యి అందుకుంది.

"అది బాగానే ఉంది" అన్నాడాయన.

ఆ చెయ్యి కూడా కడిగింది.