మోకు వారి ఇంటిపేరు

మా ఇంటిపేరు మోకు. బావిలోకి దిగేవాడి నడుముకు కట్టే లావుపాటి తాడుంటుందే, అదే. పాత బావుల్లో పూడిక తీయడం, కూలిన లోపలి గోడ మళ్లీ కట్టడం మా వాళ్ల పని. ఎన్ని బావులు కూలినా మోకు వాళ్ల మనిషి ఒక్కడూ లోపల పోలేదని మా వాళ్లు కాలరెగరేసేవారు. అది నిజమే. అదే మా కొంప ముంచింది.

ఆ పేరు కోసం జనం ఎగబడ్డారు మరి. మా ఆడపిల్లను చేసుకున్నవాడు తన ఇంటిపేరు వదిలేసి మాది పెట్టుకునేవాడు. జట్టులో కూలికి చేరినవాడు బతిమాలి పుచ్చుకునేవాడు. తర్వాత బావి పనితో సంబంధం లేనివాళ్లు కూడా బయలుదేరారు. బ్రేకులు ఫెయిలవకూడదని ఒక లారీ డ్రైవరు, సూది వేల్లో దిగకూడదని ఒక టైలరు, పెళ్లాం నోటి నుంచి తప్పించుకోవాలని ఒక చెప్పుల షాపాయన, అందరూ మోకు వాళ్లే. ఇప్పుడు మా వీధిలో ఏ తలుపు తట్టినా ఆ పేరే పలుకుతుంది.

పేరివ్వడం పెద్ద తతంగమేం కాదు. ఇచ్చేవాళ్లు గట్టు మీద నిలబడి ఆ పేరుతో కేకేస్తారు, పుచ్చుకునేవాడు బావి లోపలి నుంచి పలుకుతాడు. ఆ రోజు నుంచి వాడిక తాడు కట్టుకోడు. కట్టుకుంటే పేరును నమ్మనట్టే. తాడు పేరులేని కూలీలకే. ఇంత బుద్ధితక్కువ నియమం ఎవడు పెట్టాడో గాని, మా ఇళ్లలో దాన్ని కాదన్న మనిషి ఒక్కతే. మా మేనత్త.

అత్త చిన్నప్పటి నుంచీ గిలక దగ్గరే పెరిగింది. అరచేతులకు పాత గుడ్డ చుట్టుకుని తాడు లాగేది. అన్నం కూడా నిలబడే తినేది, కూర్చుంటే లోపలివాడి కేక వినిపించదట. మామయ్య మా పేరు పుచ్చుకున్నాక కొన్నేళ్లకు జ్వరమొచ్చి మంచం మీదే పోయాడు. దానికి కూడా మా వాళ్లు, "చూశావా, బావిలో మాత్రం పోలేదు" అన్నారు. అత్త వాళ్లను గుమ్మం దాటేదాకా తిట్టింది.

అసలు సంగతి నాకు చెప్పింది అత్తే. "మీ ముత్తాత ఉత్త పిరికోడే. గట్టు దగ్గరికి రావాలన్నా నడుముకి తాడుండాల్సిందే. 'ఒరేయ్ మోకూ' అని జట్టంతా ఏడిపించేవాళ్లు. బావి కూలినప్పుడు తాడు కట్టుకున్నది వాడొక్కడే, బయటపడిందీ వాడొక్కడే. ఏడిపించినవాళ్లంతా అందులోనే ఉండిపోయారు. మా నాయనమ్మే లాగింది వాణ్ని. మీ నాన్నావాళ్లేమో బావి వాడికి భయపడిందని కథలు చెబుతున్నారు!"

నాన్న దగ్గర ఈ మాటెత్తితే ఇంతెత్తున లేచేవాడు. జట్టుకు పెద్ద ఆయనే. ముత్తాతను పిరికివాడన్నందుకు చెల్లెలితో కొన్నాళ్లు మాటలు మానేశాడు కూడా.

అత్త కూతురు, అంటే మా వదిన, ఒక పెయింటర్ని ఇష్టపడి చేసుకుంది. అతన్ని అందరూ పెయింటరనే పిలిచేవారు. పెళ్లయ్యాక జట్టులో చేరాడు. అతనికి పేరిచ్చింది అత్తే. ఇవ్వనంటే వదిన ఏడ్చి గోల చేసింది. ఇచ్చిన రోజు నుంచి అత్తకు కంటి మీద కునుకు లేదు.

సబ్బుల ఫ్యాక్టరీ వెనక బావి పని మొదలైన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అంతకుముందే బాగా వాన కురిసింది. లోపల గోడ ఒకచోట ఉబ్బి ఉంది. ఎవరూ ముట్టకుండానే చిన్న చిన్న రాళ్లు ఊడి నీళ్లలో పడుతున్నాయి. అత్త ఆ చప్పుడు వింటూ మోకు తీసుకుని అల్లుడి దగ్గరికి వెళ్లింది.

"కట్టుకో బాబూ."

అతను నవ్వాడు. "పేరిచ్చి మళ్లీ తాడెందుకత్తయ్యా?"

"గోడ చూశావా? నా మాట విను. నా కూతురు కడుపుతో ఉంది."

"అందరూ నవ్వుతారు. వదిలేయండి."

నాన్న దూరం నుంచే అరిచాడు. "పిల్లాణ్ని భయపెట్టకే!"

అత్త వీధి చివరిదాకా వినిపించేటట్టు కేక పెట్టింది. "ఈ పేరు నీకు నా నోటితో ఇచ్చాను. నా నోటితోనే తీసేస్తున్నా. నువ్వు మోకు వాడివి కాదు. ఇక తాడు కట్టుకోక చస్తావా!"

ఇచ్చిన పేరు తీసేయడం అంతవరకూ మా వాళ్లెవరూ ఎరగరు. పెయింటరు మొహం కందగడ్డలా అయింది. అయినా నియమం నియమమే. తల దించుకుని తాడు కట్టించుకున్నాడు. అత్త ముడి రెండుసార్లు లాగి చూసి అతన్ని దింపింది. నా గుండె కుదుటపడింది, ఎందుకబద్ధం.

అప్పుడు లేచాడు బావ, అత్త కొడుకు. "ఇంటి పరువు బజారున పడేశావు కదమ్మా! మన పేరుకి ఇంకా విలువుందని ఎవరో ఒకరు చూపించాలిగా."

"ఒరేయ్ ఆగు! నీ పేరు కూడా తీసేస్తా!"

"నాకు నువ్విచ్చావేంటి తీసెయ్యడానికి? పుట్టుకతో వచ్చింది," అని తాడు లేకుండానే దిగిపోయాడు. అత్త చేతుల్లో అల్లుడి మోకు ఉంది. వదిలిపెట్టి కొడుకు వెనకాల పరిగెత్తలేదు కదా.

బావ అడుగుకు చేరీచేరకముందే గోడ కూలింది. అత్త లాగింది, మేమంతా వెళ్లి లాగాం. పెయింటరు పైకొచ్చాడు, ఒళ్లంతా బురద. అత్త తాడు వదిలేసి గట్టు మీద వంగి కొడుకుని పిలిచింది. గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉంది. బావ శవాన్ని మర్నాడు సాయంత్రం తీశారు.

మా వాళ్లు మారతారనుకున్నాను. పిచ్చిదాన్ని. అత్త పేరును అవమానించింది గనక పేరు ఆమె కొడుకుని తీసుకుందన్నారు. మొదట ఆ మాటన్నది మా నాన్న. ఆ నోరు ఎలా వచ్చిందో ఆయనకు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు పెయింటరు అత్త ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా పేరు నాకిచ్చేయండత్తయ్యా. బావమరిది చోట్లో నేను దిగుతాను."

వదిన కడుపు మీద చెయ్యేసుకుని వచ్చి మొగుడి పక్కనే నిలబడింది. "ఇచ్చెయ్యమ్మా. రేపు వీడు పుట్టాక ఏ ఇంటివాడంటే ఏం చెప్పాలి?"

"ఊరూ పేరూ లేనివాడని చెప్పవే," అంది అత్త. "బతకనియ్యి వాణ్ని."

వదిన ఏడుస్తూ మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. పక్కనే మా ఇంటి వసారాలో నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేరు కోసం వచ్చిన కొత్తవాళ్లు అప్పటికే ఆయన చుట్టూ చేరారు. ఆయన పెయింటర్ని చూసి, "రా నాయనా, నేనిస్తాను," అన్నాడు.