ఇన్వర్టర్లని మాట్లాడించిన మా ఎస్తేరు

నిన్న సాయంత్రం ఎస్తేరు నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే "చెప్పవే" అన్నాను.

అటువైపు వాళ్ళమ్మాయి బ్లెస్సీ.
"ఆంటీ, అమ్మ లేదు" అంది.

ఎక్కడికి వెళ్ళిందమ్మా అని అడిగాను.

అలాగే అడిగానండి. అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఈరోజు సమాధి చేసి వచ్చాం. ఏడుపు రావట్లేదు. కోపం వస్తోంది. ఇది చదివి వాళ్ళింట్లో వాళ్ళకి నా మీద కోపం వస్తే రానివ్వండి.

పొద్దున్నుంచి గ్రూపుల్లో ఒకటే పోస్టులు. ఎస్తేరు చేతి చేపల పులుసు. చర్చిలో పాడే గొంతు. ఎంతమంది వచ్చినా విసుక్కోకుండా వండిపెట్టే మనసు.

అన్నీ నిజమే. ఆ పులుసు నేనూ తిన్నాను.

కానీ ఎస్తేరంటే అంతేనా?

మేమిద్దరం కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాం. ల్యాబ్‌లో సర్క్యూట్ పనిచెయ్యకపోతే మేమంతా సార్‌ని పిలిచేవాళ్ళం. తను మాత్రం వైర్లన్నీ పీకేసి మళ్ళీ మొదటినుంచి పెట్టుకునేది. పెళ్ళయి కడియంలో మొక్కల నర్సరీ వాళ్ళింటికి వెళ్ళినా సోల్డరింగ్ ఐరన్ వదల్లేదు.

పోయిన వేసవి సంగతి చెప్తాను.

వాళ్ళ డాబా మీద సోలార్ ప్యానెళ్ళు, వాటికి రెండు ఇన్వర్టర్లు, ఒక బ్యాటరీ. ఇంటికీ నర్సరీ షెడ్డుకీ అదే ఆధారం. కరెంటు పోతే ఇంట్లో ఏసీలు బ్యాటరీని తాగేసేవి. షెడ్డులో నీటి తుంపర ఆగిపోయేది. ఆ ఎండకి లేత అంటుమొక్కలన్నీ మాడిపోయేవి.

కంపెనీ యాప్ ఉంది. నెట్ ఉంటేనే పనిచేస్తుంది. కరెంటు పోతే నెట్టూ పోతుంది.

అందుకని ఇన్వర్టర్‌నే నేరుగా అడుగుదాం అనుకుంది ఎస్తేరు. మోడ్‌బస్ అని మిషన్లు మాట్లాడుకునే పాత భాష ఒకటుంది. చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చి, ఫ్రీగా దొరికే హోమ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వేసి, ఇన్వర్టర్ల దాకా సన్న వైర్లు లాగింది. బ్యాటరీ తగ్గగానే ఏసీలు వాటంతటవే ఆగాలి, తుంపర మోటర్ ఆగకూడదు. తనకి కావలసింది అంతే.

ఒక ఇన్వర్టర్ చక్కగా పలికింది. రెండోది కలపగానే రెండూ ఎర్రర్.

డీలర్ మనిషి వచ్చి చూసి, ఇన్వర్టర్ బోర్డు పోయింది, ఇలాంటివి తగిలిస్తే వారంటీ ఉండదు అన్నాడు. ఎస్తేరు పక్కనే నిలబడి చెప్పింది.
"బోర్డు పాడవలేదండి. రెండిటికీ ఒకటే అడ్రస్ ఉంది."

అతను తనవైపు చూడలేదు. వాళ్ళాయనతో "మేడమ్ గారికి ఇవన్నీ ఎందుకండి సార్" అన్నాడు. వాళ్ళాయన నవ్వి ఊరుకున్నారు.

అతను వెళ్ళాక రెండో ఇన్వర్టర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ ఒకటి తీసి రెండు పెట్టింది. రెండూ వరసగా పలకడం మొదలుపెట్టాయి. నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు.
"క్లాసులో ఇద్దరు సత్తిబాబులున్నారనుకోవే. సార్ పిలిస్తే ఇద్దరూ ఒకేసారి పలుకుతారు. ఇంకేం వినపడుద్ది?"

ఆ వేసవి ఒక్క అంటు మాడలేదు.

తర్వాత చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. వాళ్ళాయన షెడ్డంతా తిప్పి "పెట్టించానండి" అని చూపించేవారు. ఎస్తేరు టీలు తెచ్చేది. నేను ఉండబట్టలేక ఇదేంటే అంటే, పోనీలే, పనిచేస్తోందిగా అనేసింది.

ఇక నిన్నటి సంగతి. బ్లెస్సీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఛాతీ మీద బరువుగా ఉందంది. ఎడమ చెయ్యి లాగుతోందంది. అత్తగారు వాము నీళ్ళు ఇచ్చారు. ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఆయన వచ్చి, ఏం తిన్నారు అని వాళ్ళాయన్ని అడిగి, గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు. నొప్పి ఎవరికండి? అడిగింది ఎవర్ని?

తను మళ్ళీ చెప్పింది. "ఇది గ్యాస్ కాదండి. నన్ను రాజమండ్రి తీసుకెళ్ళండి."

మొక్కల లారీ లోడవుతోంది, అది కదిలాక వెళ్దాం అన్నారు వాళ్ళాయన.

లారీ కదిలింది. ఆ తర్వాత కారు కదిలింది. మా ఎస్తేరు హాస్పిటల్ గేటు దాకా కూడా చేరలేదు.

కడియం నుంచి రాజమండ్రి ఎంత దూరమండి?

ఈరోజు సమాధుల దగ్గర్నుంచి ఇంటికి వచ్చాక డీలర్ మనిషి పరామర్శకి వచ్చాడు. మాటల్లో మాటగా, సార్ గారు పెట్టిన సిస్టమ్ గురించి ఇప్పటికీ అందరికీ చెప్తుంటానండి అన్నాడు.

బ్లెస్సీ లేచి నిలబడింది.
"అది మా అమ్మ చేసింది అంకుల్."

వాళ్ళాయన తల దించుకునే మెల్లగా అన్నారు. "అవునండి. ఎస్తేరే చేసింది. బోర్డు పాడవలేదని ఆరోజే చెప్పింది."

తర్వాత నా దగ్గరికి వచ్చి "గ్యాస్ అనుకున్నానమ్మా" అని ఏడ్చారు. ఆయన ఏడుపు అబద్ధం కాదు. అయినా చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి వచ్చేశాను.

'ఎస్తేరే చేసింది' అన్న ఆ ఒక్క మాట మొన్న అనుంటే ఎస్తేరు వినేది కదండీ.

మీ ఇంట్లో ఆడమనిషి నొప్పి అంటే దయచేసి మీరు తీర్పు చెప్పకండి. బండి తియ్యండి. లోడు రేపు వెళ్తుంది.

వెళ్ళిరావే ఎస్తేరూ.
నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడని చోట, ప్రభువు దగ్గర, హాయిగా ఉండు.