దివాకర్ గుడ్డలో తొమ్మిది ఖాళీలు

మా దివాకర్‌కు నలభై రెండేళ్ళు. పెళ్ళి లేదు, కుర్చీలున్నాయి. సిరిసిల్లలో పగటి షిఫ్టు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. వాడి తల్లి, అంటే మా అక్క, పోయినప్పటి నుంచి నేను వాడి దగ్గరే ఉంటున్నాను. రెండో తరగతిలో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఒకసారి కోరుట్ల పాత సామాన్ల దుకాణంలో దొరికిందని, ఒకే ఇనుప గొట్టం వంచి చేసిన కుర్చీని బస్సు మీద వేసుకొచ్చాడు.

"వెనుక కాళ్ళేవిరా దీనికి?"

"లేకున్నా నిలవడ్తది చిన్నమ్మా. కూసోని చూడు."

"నీ సంసారం లెక్కనే ఉన్నది" అన్నాను. వాడు పనికి పోయాక కూర్చుని చూశాను. నిలబడింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

తర్వాత తెల్ల కాగితం మీద ఒకే ఒక్క ఎర్ర గీత ఉన్న పటం తెచ్చాడు. "గీసినోడు మిగతది మర్చిపోయిండా?" అంటే నవ్వి గోడకు కొట్టుకున్నాడు.

రెండేళ్ళ కింద ఎండాకాలం సేటు తొమ్మిది వారాలు సాంచెలు బందు పెట్టాడు. అప్పుడు దివాకర్, వాళ్ళ నాన్న నాటి చేతిమగ్గం బిగించి, నల్ల నూలుతో నిలువెత్తు గుడ్డ నేశాడు. అక్కడక్కడ నాలుగు వేళ్ళంత చోట పోగులు కత్తిరించి, ఆ గుడ్డను గోడకు వేలాడదీశాడు. అట్లాంటివి తొమ్మిది. ఎందుకని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

మొన్న జగిత్యాలలో ఇళ్ళకు లోపలి అలంకరణ చేసే సుమలత దాని ఫోటో చూసి, తాను పెట్టే ప్రదర్శనకు అడిగింది. ఆదివారం వచ్చి తీసుకుపోతానంది. వాడు చేసిన వస్తువు నలుగురి ముందుకు పోవడం అదే మొదటిసారి. వారమంతా అన్నం తింటూ కూడా ఆ గోడ వైపే చూశాడు. శుక్రవారం ఇంకో కుర్చీ కోసం జగిత్యాల పోయి రెండు రోజులు అక్కడే ఉన్నాడు.

నాకు గుబులు పట్టుకుంది. నేత ఇంట్లో తెగిన పోగు కనబడితే ఆ ఇంటి ఆడదాన్నే అంటారు. పదేళ్ళప్పటి నుంచి పోగులు అతికిన చేతులివి. వేళ్ళకు బూడిద అద్దుకుని, అదే నల్ల నూలు తీసి, పోగుకు పోగు మెలిపెట్టాను. సూదితో అడ్డంగా పేక పోగులు నింపాను. రెండు రోజులూ అదే పని.

ఆదివారం పొద్దున వాడు వచ్చి గోడ ముందు ఆగిపోయాడు. "ఇవెవలు అతికిన్రు?" అన్నాడు.

"ఇంకెవలు, నేనే. అతుకు కనవడ్తదేమో చూడు" అన్నాను.

చాలాసేపు చూశాడు. "కనవడ్తలేదు చిన్నమ్మా."

పొగిడాడనుకున్నాను.

సుమలత వచ్చింది. "దివాకర్ గారూ, పని లేని వారానికొక ఖాళీ అని చెప్పిన్రు కదా. అవేవి?"

నాకు అప్పుడు తెలిసింది. ఆ తొమ్మిది వారాలు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. రాత్రికి అన్నం లేక గంజి తాగినదాన్నే.

"నేనే నింపినండి. మంచిగుంటదనుకున్న" అన్నాడు వాడు.

"ఇప్పుడిది మామూలు బట్టే కదండీ" అంది ఆమె. కుర్చీని మెచ్చుకుని, ఛాయ్ తాగి, గుడ్డ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. నేను గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. వీధిలో ఎవరినీ వదలని నోరు నాది. ఆ ఒక్క మాటకు లేవలేదు.

మర్నాడు వాడు పనికి పోయాక కత్తెర తీసుకుని ఆ గుడ్డ ముందు కూర్చున్నాను. మళ్ళీ కత్తిరిద్దామంటే ఎక్కడ అతికానో దొరకలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, వేళ్ళతో తడిమి చూశాను. సాయంత్రం వాడు వచ్చేసరికి అక్కడే ఉన్నాను.

"దొరుకుతలేవురా" అన్నాను.

వాడు వెతుక్కోకుండానే తొమ్మిది చోట్లా వేలు పెట్టి చూపించాడు.

"మరి కోయిరా."

"ఇడ్వు చిన్నమ్మా. గంత మంచిగ అతికినంక ఎట్ల కోస్త?" కత్తెర తీసి గూట్లో పెట్టాడు.

తిట్టినా బాగుండేది.

సుమలత గారూ, అది నింపింది వాడు కాదు. నేను.